వియెలిచ్కా ఉప్పు గని: మోకాళ్లు, స్వెటర్, మధ్యలో కొంచెం ఉప్పు సంగతి

మా దుకాణంలో రాత్రి షట్టర్ దించాక కూడా బయటే ఉండే సరుకు ఒక్కటే, ఉప్పు బస్తా. నకిరేకల్‌లో మా నాయిన కిరాణ దుకాణం పెట్టిన రోజు నుంచీ అంతే. కింద చెక్క, దాని మీద బస్తా, పైన ఒక పాత పట్టా. ఎవడూ ఎత్తుకుపోడు. అలాంటి ఉప్పును చూడటానికి టికెట్ కొని, స్వెటర్ వేసుకుని, భూమిలోకి 135 మీటర్లు దిగుతానని నేనెప్పుడూ అనుకోలేదు. అల్లుడికి పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉద్యోగం వచ్చింది. బిడ్డ "నాయినా, నువ్వు చూడాల్సింది ఇక్కడ ఒక్కటుంది" అని పట్టుబట్టి తీసుకుపోయింది.

వచ్చిన తర్వాత నల్గొండ నుంచి ఒకరు, సూర్యాపేట నుంచి ఇద్దరు ఫోన్ చేశారు. వాళ్ల పిల్లలూ అటువైపే ఉన్నారు. ఎట్ల పోవాలి, మెట్లు ఎన్ని, తిండి దొరుకుతదా అని అడిగారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి, ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ఊరి పేరు వియెలిచ్కా. క్రాకోవ్‌కు 14 కిలోమీటర్లు. 13వ శతాబ్దంలో తవ్వడం మొదలుపెట్టి 1996 దాకా తవ్వారు. లోతు 327 మీటర్లు, తొమ్మిది అంతస్తులు, సొరంగాలన్నీ కలిపి 240 కిలోమీటర్ల పైమాటే. మనకు చూపించేది అందులో రెండు శాతం కూడా ఉండదు. ఆ రెండు శాతం లోపే మూడున్నర కిలోమీటర్ల నడక అవుతుంది. రెండున్నర నుంచి మూడు గంటలు చేతిలో పెట్టుకోండి.

అందరూ అడిగేది మెట్ల గురించే కాబట్టి ముందు అదే చెప్తాను. లోపలికి పోగానే 380 మెట్లు దిగాలి. మొత్తం తిరిగేసరికి 800 అవుతాయి. అమావాస్యకు మా దగ్గరి చెర్వుగట్టు గుడి మెట్లెక్కే మనిషిని, నాకు ఇదొక లెక్కా అనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను. గట్టు ఎక్కేటప్పుడు కష్టపడేది గుండె. ఇక్కడ దిగేటప్పుడు కష్టపడేది మోకాలు. రెండూ వేరు. మెట్లు చెక్కవి, ఒక్కో వరుసకు ఏడెనిమిది, మళ్లీ మలుపు, మళ్లీ ఏడెనిమిది. సగం దిగేసరికి ఎటు తిరిగామో తెలియక తల తిరుగుతుంది. మధ్యలో సందులోంచి కిందికి చూడకండి. చెయ్యి కడ్డీ మీద, చూపు మెట్టు మీద ఉంచుకుని దిగండి. వెనకవాళ్లు తొందరపెడితే మలుపు దగ్గర పక్కకు జరిగి వాళ్లకు దారి ఇవ్వండి.

మా ఇంటామెకు ఎడమ మోకాలు కొద్దిగా అరిగింది. బిడ్డ ముందే చెప్పడంతో నెల రోజులు రోజూ పొద్దున మా పక్క బిల్డింగులో మూడంతస్తులు నడిచి ఎక్కి, నడిచి దిగింది. నేను దుకాణం పనులని సాకులు చెప్పాను. గనిలో ఆమె మామూలుగా దిగింది, నేను మర్నాడు మంచం దిగలేకపోయాను. కాబట్టి ప్రాక్టీసు ఎక్కడం కాదు, దిగడం చేయండి. పైకి రావడానికి లిఫ్ట్ ఉంది, దాని గురించి తర్వాత చెప్తాను. దిగడమే కుదరదన్న వాళ్లు, చక్రాల కుర్చీ కావాల్సిన వాళ్లు టికెట్ తీసుకునేటప్పుడే ఆ మాట రాసి అడగాలి. కొంత భాగం వాళ్ల కోసం వీలుగా చేసి పెట్టారు. గేటు దగ్గరికి పోయి అడిగితే మాత్రం పని కాదు.

టికెట్ విషయంలో మేం దెబ్బతిన్నాం. గైడ్ లేకుండా లోపలికి పంపరు, ఒంటరిగా తిరగనివ్వరు. ఒక్కో భాషకు ఒక్కో టైము. పోలిష్, ఇంగ్లీషు, ఇంకా కొన్ని భాషలున్నాయి. తెలుగు లేదు, హిందీ కూడా నాకు కనిపించలేదు. మేం ఆ గని వెబ్‌సైట్‌లో కాకుండా ఎవరో మధ్యవర్తి దగ్గర ఎక్కువ డబ్బులు పెట్టి కొన్నాం. తీరా పోతే అతను చెప్పిన టైముకు ఇంగ్లీషు గైడ్ లేదు. గంటన్నర బయట బెంచీ మీద కూర్చున్నాం. గని సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి, ఇంగ్లీషు టైము చూసుకోండి, ఎండాకాలం సెలవుల్లో అయితే ముందు రోజుల్లోనే కొనండి. దారులు రెండు రకాలుంటాయి. మన వయసు వాళ్లకు టూరిస్టుల దారి చాలు. గనివాళ్ల దారి అనే రెండోది హెల్మెట్ పెట్టుకుని పని చేస్తూ తిరిగేది, అది కుర్రాళ్లకు. డబ్బులు అక్కడ యూరోలు కాదు, జ్వోతీలు. ఇది తెలియక యూరోలు మార్చుకుని పోయిన నల్గొండ మనిషి ఒకాయన నాకు తెలుసు.

ఇంకో మాట. టూర్లు అమ్మేవాళ్లు హిట్లర్ కాలంలో లక్షలమందిని చంపిన క్యాంపు ఆష్‌విట్జ్‌నూ ఉప్పు గనినీ ఒకే రోజు కలిపి అమ్ముతారు. వద్దు. అంతమందిని చంపిన చోటు చూసి వచ్చి, అదే సాయంత్రం దీపాల షాండిలియర్ కింద ఫోటోలు దిగడం నాకైతే మనసొప్పలేదు. వేరే రోజు పెట్టుకోండి.

రైలు తేలిక. క్రాకోవ్ పెద్ద స్టేషన్‌లో వియెలిచ్కా రైలెక్కి చివరి స్టేషన్‌లో దిగాలి. దాని పేరు వియెలిచ్కా రినెక్ కోపాల్నియా. కోపాల్నియా అంటే గని. అంతకుముందు కూడా వియెలిచ్కా పేరుతో స్టేషన్లు వస్తాయి, గాబరాపడి దిగకండి. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే రైలే అది. 304 నంబరు బస్సు కూడా పోతుంది కానీ సిటీ దాటుతుంది కాబట్టి ఆ జోన్ కలిసిన టికెట్ కావాలి, ఎక్కగానే మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మన బస్సులో లాగ కండక్టర్ వచ్చి చింపి ఇస్తాడని కూర్చుంటే ఫైన్ పడుతుంది.

లోపల ఏడాది పొడవునా 17, 18 డిగ్రీలు. మే నెలలో నల్గొండ నుంచి పోయినవాళ్లకు ఫ్రిజ్ తలుపు తీసినట్టు ఉంటుంది. పల్చటి స్వెటర్ చాలు, మందపాటి కోటు మోత. బూట్లు వేసుకోండి, చీర కట్టుకున్నా సరే కింద బూట్లే. మా ఇంటామె చీరనే కట్టింది, కుచ్చిళ్లు జానెడు ఎత్తి పిన్ను పెట్టింది, ఏ ఇబ్బందీ రాలేదు. పెద్ద బ్యాగులు రానివ్వరు, భుజానికి తగిలించుకునే చిన్న సంచి చాలు. షుగర్ ఉన్నవాళ్లు అందులో రెండు బిస్కెట్లు, మంచినీళ్లు పెట్టుకోండి. బాత్రూంకు పైనే పోయి రండి. లోపల ఉన్నాయి కానీ మనకు అవసరమైనప్పుడు కాదు, గైడ్ ఆగినప్పుడు. ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకండి. విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.

ఇక లోపల.

మెట్లయిపోయాక మా ఇంటామె అటూ ఇటూ చూసి "ఉప్పేదయ్యా?" అంది. తెల్లగా మెరుస్తుంటదని అనుకుంది. గోడలన్నీ బూడిద రంగు, అక్కడక్కడ ఆకుపచ్చ ఛాయ. అచ్చం మన గుట్టల రాయే. కానీ అదంతా ఉప్పే, మన్ను కలిసి అట్లా కనిపిస్తుంది. దాదాపు కోటీ ముప్పై లక్షల ఏళ్ల కిందట అక్కడున్న సముద్రం ఎండిపోతే మిగిలిన ఉప్పట. మన చినగంజాంలో సముద్రపు నీళ్లకు మళ్లు కట్టి ఎండబెట్టేదీ అదే పద్ధతి. ఒకటి సముద్రమే తనంతట తాను చేసుకుంది, ఇంకోటి మనిషి చేస్తున్నాడు.

గైడ్ పాతికేళ్ల అమ్మాయి. కావాలంటే గోడ రుచి చూడొచ్చంది. నేను వేలితో రాసి నాలుక మీద పెట్టుకున్నాను. అల్లుడు "మామా, అది ఊరందరూ నాకిన గోడ" అని నవ్వాడు. ముప్పై ఏళ్లు ఉప్పమ్మినవాడిని, రుచి చూడకుండా ఎట్ల వస్తాను. మన దొడ్డుప్పు నాలుక మీద పెట్టుకుంటే చివర్లో సన్నగా చేదు తగులుతుంది, సముద్రపు నీళ్లలో మెగ్నీషియం ఉంటుంది కాబట్టి. ఈ గోడకు ఆ చేదు లేదు. సూటిగా, గట్టిగా ఉప్పు. మీరూ చూడండి, కానీ దారి పక్కన అందరి చేతులూ తగిలేంత ఎత్తులో కాకుండా కొంచెం పైన చూసుకోండి.

ఆ తర్వాత అందరూ బొమ్మల వైపు చూస్తుంటే నేను దుంగల దగ్గర ఆగిపోయాను. మీరు కూడా కాసేపు ఆగండి. మిహవోవిత్సె అనే గది 35 మీటర్ల ఎత్తు. దాని కప్పును దుంగల మీద దుంగలు పేర్చి నిలబెట్టారు. ఇనుము ఎందుకు పెట్టలేదని వెనక ఒకాయన అడిగాడు. గైడ్ చెప్పేలోపే నాకు జవాబు తెలుసు. మా దుకాణంలో పాత తూకం రాళ్లు ఉప్పు బస్తా పక్కన పెడితే రెండు వానాకాలాల్లో పొరలు పొరలుగా రాలాయి. అర కిలో రాయి తూకం తగ్గిందని ఆఫీసు వాళ్లు వచ్చి పట్టుకుంటే నాయినకు ఫైన్ పడింది. అప్పటినుంచి ఉప్పు దగ్గరికి ఇనుము రానివ్వలేదు, తీయడానికి కొబ్బరి చిప్పే. కట్టెకు ఉప్పు పడితే పుచ్చదు, చెద పట్టదు, ఇంకా గట్టిపడుతుంది. ఆ గనిలో దుంగలు వందల ఏళ్లు నిలిచింది అందుకే.

గోడల మీద ఒకచోట తెల్లగా గోబిపువ్వుల్లాంటివి మొలిచి ఉన్నాయి. వాళ్లూ దాన్ని గోబిపువ్వనే అంటారట. ఉప్పు కలిసిన తడి గోడలోంచి ఊరి, ఆరి, గుత్తులు గుత్తులుగా గడ్డకడుతుంది. మా దుకాణంలో బస్తాలు ఆనించిన మూల గోడ సున్నం ఊడి, తెల్లటి నూగు లేచి ఉంటుంది. ఎన్నిసార్లు సిమెంటు చేయించినా మళ్లీ లేస్తుంది. మేస్త్రీని తిట్టేవాణ్ని. ఇక్కడ వేలమంది డబ్బులిచ్చి దాన్నే ఫోటో తీసుకుంటున్నారు.

దారిలో తలుపులు చాలా వస్తాయి. చివర్లో ఉన్న మనిషి మూసి రావాలని గైడ్ మాటిమాటికీ చెప్తుంది. మూయండి. అది మర్యాద కోసం కాదు, గాలి కోసం, తడి కోసం. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ మొట్టమొదటి జాబితాలో పెట్టిన 12 చోట్లలో ఈ గని ఒకటి. 1989లో అదే యునెస్కో దీన్ని ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి మార్చింది. కారణం గాలిలో తేమ. చెక్కిన బొమ్మల ముక్కులూ వేళ్లూ కరిగిపోతుంటే, తేమ లాగే యంత్రాలు పెట్టుకున్నాక 1998లో గానీ ఆ జాబితా నుంచి తీయలేదు. చూడటానికి వచ్చిన మనుషుల ఊపిరి కూడా తేమే కదా. ముసురు పట్టినప్పుడు ఉప్పు బస్తా కింద నీళ్లు కారడం చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మధ్యలో 1992లో ఒక సొరంగంలోకి నీళ్లు ఉరికి వచ్చాయి. ఆ నీళ్లు, దానికితోడు ఉప్పు ధర పడిపోవడంతో నాలుగేళ్లకు తవ్వకం ఆపేశారు.

ఒక మూల నాలుగు కాళ్ల మీద పాకుతున్న మనుషుల బొమ్మలుంటాయి, చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర దివిటీ. మీథేన్ గ్యాస్ కప్పు దగ్గర చేరుతుంది, అది ఎక్కువ కాకముందే కాల్చేయడానికి తడి బట్టలు కట్టుకుని నేల మీద పాకుతూ దివిటీ పైకెత్తేవాళ్లు. అందరూ తిరిగొచ్చేవాళ్లు కాదు. మా చిన్నప్పుడు ఎక్కడ కాలువ తవ్వినా, ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు లేబర్ అనేవాళ్లు. ఒక్కో గుంపు మా దుకాణం ముందు ఆగి ఉప్పు, మిరపకాయలు, చింతపండు కట్టించుకుని లారీ ఎక్కేది. ఆ బొమ్మల దగ్గర నాకు వాళ్లే గుర్తొచ్చారు. గ్రూపు ముందుకు పోయింది, అల్లుడు వెనక్కి వచ్చి పిలుచుకుపోయాడు.

గుర్రాలు కూడా లోపల పని చేశాయి. పెద్ద పెద్ద చెక్క గానుగలు తిప్పి ఉప్పు దిమ్మెలు పైకి లాగేవి. కొన్ని గుర్రాలకు కొట్టం, మేత, బతుకు మొత్తం భూమి లోపలే. చివరి గుర్రం పేరు బాష్కా. అది బయటికి వచ్చింది 2002లో. ఎప్పటిదో అనుకుంటాం, మా బిడ్డ అప్పటికి స్కూల్లో ఉంది.

కథ కూడా ఒకటి చెప్తారు, బొమ్మలతో సహా. హంగరీ రాజు నాలుగో బేలా కూతురు కింగా పోలండ్ పాలకుణ్ని పెళ్లి చేసుకుని వస్తూ, కట్నంగా బంగారం వద్దు, ఉప్పు కావాలందట. హంగరీలో ఒక గనిలో ఉంగరం వేసి వచ్చింది. ఇక్కడ తవ్వితే మొదటి ఉప్పు గడ్డలో ఆ ఉంగరం దొరికిందట. మా ఇంటామె "నాకైతే మీవాళ్లు ఉప్పు కూడా పెట్టలేదు" అంది. కథ సంగతి ఎట్లున్నా ఉప్పు విలువ మాత్రం నిజం. 14వ శతాబ్దంలో రాజు ఖజానాకు వచ్చే ఆదాయంలో మూడో వంతు ఈ ఉప్పు నుంచే. 1368లో కాజిమిర్ రాజు ఉప్పు గనుల కోసం ప్రత్యేకంగా శాసనమే రాయించాడు. మన బస్తా మాత్రం షట్టర్ బయటే.

కింగా పేరు మీద కట్టిన చర్చి 101 మీటర్ల లోతులో ఉంటుంది. 54 మీటర్ల పొడవు, 18 వెడల్పు, 12 ఎత్తు. ముందు పై నుంచి కనిపిస్తుంది, తర్వాత మెట్లు దిగి లోపలికి పోతాం. ఫోటో కావాలంటే పైనుంచే తీసుకోండి, కిందికి పోయాక మనుషుల తలలే వస్తాయి. నేల చూడండి. పలకలు పరిచినట్టుంటుంది, కానీ పరచలేదు. ఒకే ఉప్పు నేలను గీతలు గీసి పలకల్లా చెక్కారు. ఒక గోడ మీద ఏసు చివరి భోజనం ఉంది. దూరం నుంచి లోపల ఇంకో గది ఉన్నట్టుంది, దగ్గరికి పోతే జానెడు లోతు కూడా లేదనిపించింది. చెక్కింది అంతోని విరోదెక్. చర్చిని చెక్కడం మొదలుపెట్టింది 1890ల్లో మర్కోవ్‌స్కీ అన్నదమ్ములు. ముగ్గురూ గని కార్మికులే. షాండిలియర్‌లో వేలాడేవి గాజు పూసలు కావు, ఉప్పును కరిగించి మళ్లీ గడ్డకట్టించిన పలుకులు. అది ఇప్పటికీ పూజలు జరిగే చోటు, ఆదివారం ప్రార్థన ఉంటుంది. టోపీ తీయండి, గొంతు తగ్గించండి. గనివాళ్లు ఎదురుపడితే "ష్చెంష్చ్ బోజె" అంటారు, దేవుడు చల్లగా చూడాలని. తిరిగి అదే మాట అంటే సంతోషపడతారు. నాకు మూడోసారికి నోరు తిరిగింది.

తిండికి కంగారు పడకండి. 125 మీటర్ల లోతులో హోటలుంది. మాంసం తినని వాళ్లు పియెరోగి అడగండి, మన కజ్జికాయ ఆకారంలో ఉంటాయి, ఉడకబెడతారు. ఆలుగడ్డ, పనీర్ లాంటిది కూరినవి ఉంటాయి. కానీ పైన పందికొవ్వు వేయించి చల్లే అలవాటుంది, అందుకని "బెజ్ మెంసా" అనండి, మాంసం వద్దని. కారం ఉండదు. మేం చిన్న డబ్బాలో గొంగూర పచ్చడి పట్టుకుపోయి, బయటికి వచ్చాక పార్కు బెంచీ మీద పియెరోగి కట్టించుకుని తిన్నాం. బీపీ ఉన్నవాళ్లు అడిగారు కాబట్టి చెప్తున్నాను. లోపల గాలి పీలిస్తే బీపీ పెరగడం నాకైతే జరగలేదు. గొంగూర పచ్చడితో పెరిగి ఉండొచ్చు.

పైకి తెచ్చే లిఫ్ట్ మన షాపింగ్ మాల్ లిఫ్ట్ కాదు. గనివాళ్లది, ఇరుకు పెట్టె, జనాన్ని కూరి కూరి నిలబెడతారు, చీకటి, గాలి చప్పుడు. నిమిషం లోపే అయిపోతుంది. ఇరుకు పడనివాళ్లు కళ్లు మూసుకుని లెక్క పెట్టుకోండి. లిఫ్ట్ దాకా మళ్లీ నడక, లైను ఉంటాయి, చూడటం అయిపోయింది కదా అని నడక కూడా అయిపోయిందనుకోకండి. ఇంకో సంగతి, దిగిన చోటే పైకి తేలతామని లేదు. ఎక్కడ బయటికి వస్తామో గైడ్‌ను ముందే అడిగి, పైన ఎదురుచూసే వాళ్లకు అదే చెప్పండి.

చిన్నపిల్లలు వెంట ఉంటే బోహ్నియా గని కూడా చూడొచ్చు. క్రాకోవ్‌కు తూర్పున ఉంటుంది, 2013లో దాన్నీ యునెస్కో జాబితాలో కలిపారు. అక్కడ భూమి లోపల పడవ ఎక్కిస్తారు, జారుడు బండ ఉంది. జనం తక్కువని బిడ్డ చెప్పింది. మేం పోలేదు, నా మోకాళ్లు ఒప్పుకోలేదు.

ఉప్పు గడ్డ, ఉప్పు దీపం కొని తెచ్చుకునేవాళ్లు ప్లాస్టిక్ కవరులో గట్టిగా చుట్టి పెద్ద సూట్‌కేసులో పెట్టండి. ఇంటికి తెచ్చాక కింద పళ్లెం లేకుండా పెట్టకండి. మేం షోకేసులో పెళ్లి ఫోటో పక్కన పెట్టాం. మళ్లీ వానాకాలం వచ్చింది, ముసురు పట్టిన మూడో రోజుకు గడ్డ చెమట పట్టి, నీళ్లు ఫ్రేములోకి దిగి, ఫోటోలో నా తలపాగా సగం పోయింది. ఇప్పుడు అది దుకాణంలో గల్లాపెట్టె పక్కన స్టీలు పళ్లెంలో ఉంది. సామానుకు వచ్చిన పిల్లలు నాకి చూస్తామంటారు. పక్కకు తిరిగితే రెండోసారి నాకుతారు, అందుకని ఇప్పుడు గిన్నె బోర్లించి పెడుతున్నాను.